కరెంటున్నంతసేపే

మా బావ గొంతు మీరు వినే ఉంటారు. వినలేదని మాత్రం నా దగ్గర అనకండి, నాకు ఒళ్లు మండుతాది. ఆటోలు రెండేసి మైకులు కట్టుకుని వీధి వీధీ తిరుగుతాయి చూడండి, చీరల షాపులో డిస్కౌంటని, కంటి ఆపరేషన్ల క్యాంపని, గౌరీ పరమేశ్వరుల ఉత్సవమని, ఫలానా వారి గేదె తప్పిపోయింది తెచ్చినవారికి బహుమానమని, ఆ గొంతు మా బావది. చోడవరం నుంచి వడ్డాది దాకా, అటు దేవరాపల్లి, ఇటు రోలుగుంట, ఆ గొంతు వెళ్లని ఊరు లేదు. మనిషి మాత్రం వీధి చివర టీకొట్టు దాటేవాడు కాదు.

పేరు గౌరీశంకర్. మా మేనత్త అచ్చియ్యమ్మ పెద్దకొడుకు, నాకు మొగుడు. చూస్తే పుల్లలా ఉంటాడు, నోరిప్పితే పడుకున్న కుక్కలు లేచి కూర్చుంటాయి. మా ముందుగదిలోనే ఆయన రికార్డింగు. ఒక పాత కంప్యూటరు, ఒక మైకు, చప్పుడు గింగురుమనకుండా గోడలకి నా పెళ్లినాటి దుప్పట్లు. ఎవరైనా వచ్చి కాగితం మీద రాసిస్తే చదివీసి, వెనకాల సన్నాయో డప్పో కలిపీసి, వాళ్ల మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చీసేవాడు. మర్నాడు తన దగ్గరున్నది తుడిచీసేవాడు. "ఉంచుకోవచ్చు కదేటి బావా" అంటే, "ఎవడి గేదో తప్పిపోయిన ముచ్చట మనకెందుకే, జాగా దండగ" అనీవాడు. పిల్లల్లేరు మాకు. ఇంట్లో ముగ్గురమే, నేను, బావ, అత్త.

అత్తకి కళ్లు మసక. నీటికాసులని డాక్టరు చెప్పేసరికే చూపు చాలావరకూ పోయింది. ఎదురుగా నిలబడ్డ మనిషికీ, ఆరేసిన చీరకీ తేడా తెలీదు. మాట వింటేనే మనిషి. నేను చప్పుడు లేకుండా గదిలోకి వెళ్తే "ఎవులది?" అని గద్దిస్తాది. అందుకే బావ టీకొట్టుకి వెళ్లొచ్చినా సరే, గుమ్మంలోంచే "అమ్మా, నేనే" అనీవాడు. ఆ మాట వినపడితే గానీ ఆవిడ నోట్లో ముద్ద పెట్టేది కాదు.

పోయిన వానల్లో ఆ గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు పట్టేను, శొంఠి పట్టేను, ఎవరో చెప్పేరని కరక్కాయ బుగ్గన పెట్టించేను. ఏదీ పనిచెయ్యలేదు. వైజాగ్‌లో డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, పుండు ముదిరిపోయింది, మాట వచ్చే పెట్టె మొత్తం తీసీయాలి, మనిషి బతుకుతాడు గానీ మాట ఉండదు, అన్నాడు. మనిషి బతుకుతాడు గానీ అట! పప్పులో ఉప్పు తగ్గిందన్నట్టు చెప్పేడు మహానుభావుడు. బావ ఆ రోజు బస్సులో చోడవరం వచ్చేవరకూ నోరిప్పలేదు. ఇంటి గుమ్మంలో మాత్రం "అమ్మా, నేనే" అన్నాడు.

అక్కడి నర్సమ్మే నయం. "ఆపరేషనుకి ముందే రోజూ కావలసిన మాటలు మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత ఫోన్లో బొత్తాం నొక్కితే మీ మాట మీ గొంతుతోనే వస్తాది" అని చెప్పింది. మా బావకి రికార్డింగు ఒకరు నేర్పించాలేటి? ఆ మాట విన్నాక మొహంలో కాస్త నెత్తురు కనపడింది నాకు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు కూడా మంచం పట్టింది. దరిద్రుడు తల కడిగితే వడగళ్ల వాన పడిందని ఊరికే అన్నారా! బస్టాండు కాడ కంప్యూటర్లు బాగుచేసే ఫణిశ్రీనివాస్‌ని పిలిచేం. మంచి కుర్రాడు, బావంటే ప్రాణం. విప్పి చూసి, "హార్డ్‌డిస్కు పోయింది శంకరన్నా, కొత్తది వెయ్యాలి" అన్నాడు.

"ఆపరేషన్ అవ్వనీ ఫణీ, అప్పుడు చూద్దాం. ఈలోపు ఎలాగో ఒకలాగ నడిపించు."

ఫణి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి వెనకాల గుచ్చేడు. దాంతోటే కంప్యూటరు లేచి కూర్చుంది. "కానీ ఒకటి గుర్తుపెట్టుకో అన్నా. నువ్వు చేసే పనంతా ఇప్పుడు ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామంటే కరెంటున్నంతసేపే. కరెంటు పోయిందా, పలక తుడిచినట్టు పోతుంది. ఏదైనా నిలవాలంటే వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి." అలా చెప్పి, కరెంటు పోయినా కాసేపు బ్యాటరీ మీద నడిచేలాగ ఒక యూపీఎస్ కూడా తెచ్చి కింద పెట్టేడు. కరెంటు పోతే చాలు అది కుయ్ కుయ్‌మని అరిచేది. అరిచినప్పుడల్లా బావ "వస్తన్నా ఉండవే" అని దాని మీద కూడా విసుక్కునేవాడు.

ఇంక కంప్యూటరు రాత్రీ పగలూ ఆపకుండా ఉంచి మొదలెట్టేడు రికార్డింగు. అంత నవ్వు మా ఇంట్లో ఎప్పుడూ లేదు, అంత ఏడుపూ లేదు. "ఆకలేస్తంది." "ఫ్యాను తగ్గించు." "నొప్పిగా ఉన్నాది." "రేవతీ, తువ్వాలేదే?" బొంగురు గొంతే, కానీ ఆయన గొంతే. ఒక మాట చెప్పడం, మంచినీళ్లు తాగడం, మళ్లీ ఒక మాట.

"అన్నీ తిండి మాటలేనేటి? మరి నేను తిడితే ఏటి చేస్తావు?" అన్నాను.

"అదీ నిజమే" అని మైకు దగ్గరకి లాక్కుని "నోర్ముయ్యే" అని మూడు రకాలుగా చెప్పేడు. ఒకటి మెల్లగా, ఒకటి గట్టిగా, ఒకటి నవ్వుతూ. "మూడోది నువ్వు అలిగినప్పుడు" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"అమ్మా, నేనే" దగ్గర మాత్రం అత్త పేచీ పెట్టింది. స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని, తలూపుతూ వినీది. "అది కాదురా బాబూ. అది గేదె తప్పిపోయిందని సెప్పినట్టున్నాది. ఇంటికొచ్చినట్టు అను." మళ్లీ చెప్పేవాడు. "ఊహూ. ఇది సుట్టం వొచ్చినట్టున్నాది." ఆఖరికి బావకి చిర్రెత్తుకొచ్చి, మైకు వైరు సాగినంత మేరా లాక్కుని గేటు దాకా వెళ్లేడు. అక్కడ చెప్పులేసుకుని, నడుచుకుంటా వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పి, అప్పుడు "అమ్మా, నేనే" అన్నాడు. చెప్పుల చప్పుడు కూడా పడింది అందులో.

"ఆఁ, ఇదిగో, ఈడే నా కొడుకు" అంది అత్త. ఆ ముక్క మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాది.

నేను మాత్రం రోజూ పోరు పెట్టీదాన్ని. "ఆ వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు బావా, కరెంటు ఎప్పుడెలా ఉంటాదో" అని. ఇంకా కొన్ని మాటలున్నాయే అనీవాడు. ఆదివారం ఫణి వచ్చి ముక్కలు కోసి ఫోన్లో పెడతాడు కదే అనీవాడు. ఒకరోజు గట్టిగా నిలదీసేను. ఆయన కంప్యూటరు వైపే చూస్తా, "ఎక్కించీసేనంటే, ఇంక గొంతు కోసీండని నేనే చెప్పీసినట్టుంటాదే" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం పోరతాను? యూపీఎస్ బొత్తానికీ, ప్లగ్గుకీ నా ఎర్ర జాకెట్టు గుడ్డ పీలికలు కట్టేను, ఎవరూ ముట్టకుండా. ఎర్ర గుడ్డ కళ్లున్నవాళ్లకి కనపడతాది. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

శనివారం పొద్దున్న టీ తాగి గ్లాసు కింద పెట్టబోయేడు. పెట్టలేకపోయేడు. గొంతు కోసం ఊళ్లు తిరుగుతూ ఉంటే గుండె మధ్యలో దూరింది. ఆటోలో ఎక్కించేసరికే అయిపోయింది. దేవుడనేవాడు నాకు ఎదురుపడితే చెప్పు తీసుకుంటాను, ఆ మాట ఎక్కడైనా అంటాను.

మా మరిది పరదేశికి గుజరాత్‌లో వెల్డింగు పని. ఫోన్లో బావురుమని, "అన్నని సూడకండా ఎత్తొద్దు వదినా, రైలెక్కుతన్నాను" అన్నాడు. వాడొచ్చేవరకూ ఉంచాలి. ఎండలు మండిపోతన్నాయి. వీధిలోవాళ్లు ఐస్ బాక్సు తెప్పించేరు. ఇప్పుడు అందరూ చేస్తున్నదే కదా, అద్దాల పెట్టె, అందులో మనిషి, కింద మోటారు గుర్రుమంటా తిరుగుతాది. మగవాళ్లు దాన్ని తెచ్చి ముందుగదిలో దించేరు. ఆ గదిలో అంత మోటారు లాగే పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉన్నాది. అది కంప్యూటరుది.

నేను పెరట్లో ఉన్నాను. కళ్లు తిరిగి పడిపోతే ఆడవాళ్లు నుయ్యి గట్టు మీద కూర్చోబెట్టి మొహాన నీళ్లు కొడతన్నారు. చుట్టూ ఏడుపులు. ఆ ఏడుపుల్లోంచి కుయ్, కుయ్, కుయ్.

ఆ కూత నాకు తెలుసు. కరెంటు పోయిందేమో అనుకున్నాను, కానీ వంటింట్లో ఫ్యాను తిరుగుతానే ఉన్నాది. లేచి పరిగెత్తబోయేను. "పట్టుకోండే, పడిపోతాది" అని ఇద్దరు రెక్కలు పట్టీసుకున్నారు. వాళ్లని విదిలించుకుని వంటిల్లు దాటేసరికి కూత ఆగిపోయింది. హమ్మయ్య, ఎవరో ప్లగ్గు పెట్టేరు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ముందుగదిలో కంప్యూటరు నల్లగా ఉంది. అత్త నేల మీద చతికిలబడి, చెయ్యి ఇంకా యూపీఎస్ బొత్తం మీదే ఉన్నాది. పక్కన ఎర్ర పీలిక. "ఆ కూతేటర్రా నా కొడుకు నెత్తి కాడ! ఆడు పడుకున్నాడు, కాసేపు పడుకోనీండి" అంటన్నాది. ప్లగ్గు చూపించింది కూడా ఆవిడే అని తర్వాత తెలిసింది. ఎక్కడ పెట్టాలమ్మా అని వాళ్లడిగితే గోడ తడుముకుంటా వెళ్లి, "ఇదిగో, ఇది తీసీండి, నా బాబుకి ఉక్క పోస్తాది" అన్నాదట.

నేను అరిచిన అరుపు వీధి వీధంతా విన్నాది. "ప్లగ్గు! ప్లగ్గు పెట్టండి! ప్లగ్గు!" అని గుండెలు బాదుకున్నాను.

"పెట్టేం తల్లీ, పెట్టేం. బాక్సు బాగా పనిచేస్తంది, నువ్వు కంగారు పడకు" అన్నారు మగవాళ్లు.

"ఏడవనీండి. లోపలుంచుకుంటే మంచిది కాదు" అన్నారు ఆడవాళ్లు.

ఒక్కరికీ తెలీదు నేను దేనికి ఏడుస్తన్నానో. ఎలా చెప్పను? మొగుడు శవమై పడుకునుంటే పెళ్లానికి కంప్యూటరు గోల పట్టిందని అనరా? నేల మీద పడి కొట్టుకున్నాను. బాక్సు మీద చెయ్యేస్తే చల్లగా ఉన్నాది.

ఆదివారం ఫణి వచ్చేడు, అన్న మాట ప్రకారం. పూలదండతో వచ్చేడు. చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ ఉన్నాది. పరదేశి వచ్చి కార్యక్రమాలన్నీ అయ్యేవరకూ ఓపిక పట్టి, అప్పుడు వాణ్ని రెక్క పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టేను. ఆన్ చేసేడు. అది నిన్ననే కొన్నట్టు ఖాళీగా, శుభ్రంగా, నీలం రంగులో లేచింది.

"ఏదైనా తియ్యగలవా ఫణిబాబూ? ఒక్క ముక్క. 'అమ్మా, నేనే' అన్నది ఒక్కటి చాలు."

వాడు తలొంచుకున్నాడు. "ర్యామ్‌లోది తియ్యలేం అక్కా. హార్డ్‌డిస్కయితే చెరిపేసినా మరక ఉంటుంది, తవ్వుకోవచ్చు. దీంట్లో మరక కూడా ఉండదు."

"ఆపగానే పోతాదా? ఒక్కసారిగా?"

వాడు చెప్పకూడదనుకుంటూనే చెప్పేడు. "ఒక్కసారిగా పోదు. కొన్ని క్షణాలు ఉండి, కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. బాగా చల్లగా ఉంటే ఇంకాసేపు ఉంటుందంటారు. గడ్డకట్టేలా చల్లబరిస్తే నిమిషాలు కూడా..."

నేను నవ్వేను. పిచ్చెక్కిందనుకున్నాడేమో, లేచి నిలబడ్డాడు. "అయితే ఆ ఐస్ బాక్సులో పెట్టాల్సింది మీ అన్నని కాదురా, దీన్ని!" అన్నాను. నవ్వుతూనే ఉన్నాను. చల్లదనమంతా పోయినవాడికి ఇచ్చేం, ఉన్నవాణ్ని పక్కనే ఆ ఎండకి ఒగ్గీసేం. ఫణి కళ్లొత్తుకున్నాడు. వెళ్తా వెళ్తా ఉంటే గేటు కాడ ఆపి చెప్పేను: "ఈ సంగతి అత్తకి తెలియకూడదు. నీ నోట్లోంచి వచ్చిందా, కాళ్లు విరగ్గొడతాను."

కొడుకు గొంతు తన చేత్తోనే నొక్కీసేనని తెలిస్తే ఆ ముసల్ది బతుకుతాదా? అందుకే దాచేను. అంతేగాని కోపం లేదనుకునేరు! ఉన్నాది, కుంపటిలా ఉన్నాది. అన్నం పెట్టి పళ్లెం ఆవిడ ముందు దబ్బున పెట్టీదాన్ని. రాత్రి ఆవిడ దగ్గితే, దగ్గు దగ్గు అనుకునీదాన్ని. మళ్లీ నేనే లేచి వేణ్నీళ్లిచ్చీదాన్ని. మా నాన్నకి తోడబుట్టింది, నన్నెత్తుకుని పెంచింది, ఎక్కడికి పోతాను?

"ఒలే గుంటా, ఆ పెట్టె ఎట్టవే, బాబు మాట ఓపాలి ఇంతాను" అనీది, అన్నం తిన్నాక.

"రిపేరుకిచ్చేం అత్తా. ఫణి కాడ ఉన్నాది."

కంప్యూటరు ఆవిడకి నాలుగడుగుల దూరంలో దుప్పటి కప్పుకుని ఉన్నాది. కళ్లులేని మనిషిని మోసం చెయ్యడం ఎంత సుళువో తెలిసింది నాకు. మొదట్లో రోజూ అడిగేది. తర్వాత్తర్వాత అడగడం మానీసింది. పోనీలే, మర్చిపోతంది అనుకున్నాను.

నేను మాత్రం ఊరి మీద పడ్డాను. చీరల షాపుకి వెళ్తే, కొత్త పండగకి కొత్త అమ్మాయి గొంతు ఎక్కించేమని చెప్పేరు, అదే కార్డు మీద. వడ్డాదిలో ఎరువుల కొట్టాయన "అయ్యో, మొన్ననే తుడిచీసేమమ్మా, ముందు చెప్పలేకపోయేవా" అన్నాడు. ముందు చెప్పడానికి నాకు కలొచ్చిందా! ఉత్సవం కమిటీ వాళ్లు కార్డే ఎక్కడో పడేసుకున్నారు. ఊరంతా విన్న గొంతు, ఊళ్లో ఒక్కరి దగ్గరా లేదు.

ఫోన్లో లేదా అంటారు మీరు. పెళ్లానికి వాయిస్ మెసేజులు పెట్టే మొగుడేటండీ ఆయన? టీకొట్టు కాడ నిలబడి కేకేస్తే నాకు వంటింట్లోకి వినపడేది, ఇంక ఫోనెందుకు? మా చిన్నాన్న కూతురి పెళ్లి వీడియో ఒకటున్నాది. అందులో బావ ఎవరితోనో ఏదో చెప్పి పగలబడి నవ్వుతాడు. నోరు కదుల్తాది, వినపడేదంతా డీజే. ఆ డీజే గాడి చేతులు పడిపోను.

నిజం చెప్పనా? నాకే ఆ గొంతు జారిపోతన్నాది. మాటలు గుర్తున్నాయి. "జాగా దండగ" గుర్తున్నాది, "నోర్ముయ్యే" మూడు రకాలు గుర్తున్నాయి. కళ్లు మూసుకుని వినబోతే నా గొంతే వినపడతాది. ఫణి చెప్పినట్టు కొంచెం కొంచెంగా కరిగిపోతన్నాది, నా బుర్రలో కూడా. ఆ భయంతో నిద్రపోవడం మానీసేను. నిద్రపోతే లేచేసరికి ఇంకాస్త పోతాదేమోనని.

మొన్న ఎండవేళ, అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తన్నాను. అత్త లోపల నులక మంచం మీద ఉన్నాది. వీధి చివర్నుంచి ఏదో మైకు. రోజూ వచ్చేవే కదా అని పట్టించుకోలేదు. మలుపు తిరిగేక మాట తేటపడింది.

"పాత టీవీలు, పాత కంప్యూటర్లు, పాడైపోయిన ఫ్యాన్లు, మిక్సీలు, ఇనప సామాన్లు కొంటాం! పని చేసినా కొంటాం, చేయకపోయినా కొంటాం!"

నా చేతిలో రెమ్మ చేతిలోనే ఉండిపోయింది. బొంగురుపోకముందు గొంతు. నిండు గొంతు. ఎప్పటిదో, నేను మర్చేపోయేను ఇది చదివేడని.

లోపల మంచం కిర్రుమన్నాది. అత్త గోడ పట్టుకోలేదు, గుమ్మం తడుముకోలేదు, తిన్నగా వచ్చీసింది. "నా బాబు. నా బాబే" అంటా అరుగు దిగి, చెప్పుల్లేకుండా ఆ ఎండలో గేటు దాకా వెళ్లి ఊచలు పట్టుకుంది. నేను వెనకాలే పరిగెత్తేను.

ట్రాలీ ఆటో మా గేటు ముందే ఆగింది. దేవరాపల్లి వైపునుంచి వస్తాడు, బంగార్రాజని, పాత సామాన్లు కొనుక్కునేవాడు. నెత్తిన తువ్వాలు సర్దుకుంటా "ఏటమ్మా, ఏటున్నాయి ఇంట్లో?" అన్నాడు. వాడి బండి మీద విరిగిన కూలర్లు, బొర్లేసిన ఫ్రిజ్జు, వాటి మీద మైకు డబ్బా, ఆ డబ్బాలోంచి మా బావ.

అత్తే చెప్పింది.

"కంప్యూటరున్నాది బాబూ. పట్టుకుపో."

"అత్తా! అది రిపేరులో..."

"ఊరుకోవే గుంటా." అత్త నా వైపు తిరగలేదు. ఆ గొంతు వైపే చెవి ఒగ్గి నిలబడింది. "ముందుగదిలోనే ఉన్నాది, దుప్పటి కింద. దాన్లో ఏటీ నేదు. ఆ కూత నానే ఆపేను కదే."

"నీకెవరు చెప్పేరు? ఫణిగాడా?"

"ఎవులూ సెప్పక్కర్నేదే. మనుసుల్ని మాట బట్టే కదా నాను పోల్చుకునీది. ఆ రోజు నువ్వు రెండుసార్లు ఏడ్సేవు. ఆటోలోంచి బాబుని దించినప్పుడు మొగుడి కోసం ఏడ్సేవు. ఆ కూత ఆగేక ఏడ్సిన ఏడుపు ఏరేది. అది ఇన్నాకే నాకు తెలిసిపోనాది, నా సేత్తో నానేటో సేసీసేనని. అడిగితే సెప్తావని అడిగేను. నువ్వు సెప్పనేదు. ఇంక మానీసేను."

ఇన్ని రోజులూ ఈవిడ నా పళ్లెం చప్పుళ్లన్నీ విన్నాది. అన్నీ తెలిసే తిన్నాది ఆ అన్నం. గేటుకి ఆనుకున్నాను. కోపం అంతా ఏమైపోయిందో, ఆ ముసలి భుజం మీద చెయ్యేసేను.

పైన మా బావ మళ్లీ మొదట్నుంచి మొదలెట్టేడు. పాత టీవీలు, పాత కంప్యూటర్లు. ఫణిని పిలిచి ఇది ఎక్కించుకోవచ్చు, తెలుసు నాకు. ఎక్కించుకుని ఏటి చేసుకోను? అందులో నా పేరు లేదు. "అమ్మా" లేదు. ఆవిడ కోసం చెప్పులేసుకుని నడిచొచ్చిన మనిషి అందులో లేడు. ఊళ్లో అందరితో చెప్పిన మాటే మాకూ చెప్తన్నాడు.

బంగార్రాజుకి ఇదేదీ అర్థం కాలేదు పాపం. ఇద్దరాడవాళ్లు గేటు పట్టుకుని ఏడుస్తుంటే ఇబ్బందిపడి, మైకు డబ్బా వైపు చెయ్యి చాపేడు. "ఉండండమ్మా, ఇది ఆపుతాను. మీరేటంటన్నారో ఇనపడ్డం నేదు."

"ఆపకురా!" అని అరిచింది అత్త. డెబ్భై దాటిన ఆ గుప్పెడు మనిషిలోంచి అంత అరుపు ఎలా వచ్చిందో. ఊచల్లోంచి రెండు చేతులూ బయటికి చాపీసి, ఎక్కడుందో తెలీని ఆ డబ్బా కోసం గాలిలో తడుముకుంటన్నాది. "ఆపకురా బాబూ! నీకు దండం ఎడతాను, ఆపకురా!"

వాడు చెయ్యి వెనక్కి తీసీసుకున్నాడు. మైకులో మా బావ, పని చేసినా కొంటాం, చేయకపోయినా కొంటాం అని చెప్తానే ఉన్నాడు.